గ్రోత్ హార్మోన్ సూది మొదలుపెట్టినాక పిల్లోడు చిక్కిపోయినాడు, రిపోర్టులో స్టార్లు. వాడేవాళ్ళు ఎవరైనా చెప్పండి

బంగారుపాళెం_అమ్మ | ఆదివారం, రాత్రి 9:52

అందరికీ నమస్కారం. చాన్నాళ్ళుగా ఇక్కడ చదవతా ఉండానే గానీ రాయడం ఇదే మొదలు. మావోడికి ఎనిమిదేళ్ళు నిండినాయి. ఒకటో తరగతి పిలకాయల్లో నిలబెడితే వాళ్ళలో కలిసిపోతాడు. పోయిన ఏడాదంతా కలిపి 3.5 సెంటీమీటర్లే పెరిగినాడు. క్లోనిడిన్ మాత్ర ఇచ్చి అరగంటకోసారి రక్తం తీసినారు, ఇంకో రోజు గ్లూకగాన్‌తో మళ్ళీ అదే పని. రెండిట్లోనూ గ్రోత్ హార్మోన్ పైకి లేవలేదు. తలకి ఎమ్మారై తీసి, ఈ హార్మోన్ తయారుచేసే పిట్యుటరీ గ్రంథి (మెదడు కింద ఉండేది) చిన్నదిగా ఉందన్నారు. ఐదు నెలలుగా రోజూ రాత్రి 0.6 మిల్లీగ్రాముల సూది వేస్తా ఉండాం.

పొడుగు సంగతి బాగుంది. 108 నుంచి 112.5కి వచ్చినాడు. నా దిగులు వేరే. బరువు 20.5 కిలోలు ఉండేది, ఇప్పుడు 20.3. బుజ్జి పొట్ట, బుగ్గలు అన్నీ పోయినాయి. ‘సూది బిడ్డని తినేస్తా ఉంది’ అని మా అత్త పొద్దున లేస్తే అదే మాట. దానికి తోడు మొన్న రిపోర్టు వచ్చింది. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ 210 నుంచి 340 అయి, హద్దు దాటిందని పక్కన స్టార్ పడింది. పరగడుపు షుగర్ 74 నుంచి 91. పరగడుపు ఇన్సులిన్ 3 నుంచి 9. థైరాయిడ్ హార్మోన్ ఫ్రీ టీ4 1.1 ఉండేది 0.9కి దిగింది, థైరాయిడ్‌ని పని చేయించే టీఎస్‌హెచ్ మాత్రం 2.1. చెడ్డ కొలెస్ట్రాల్ అంటారే, ఆ ఎల్‌డీఎల్ 142 నుంచి 108. మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ 5.4.

మా ఆయనకి షుగర్ ఉంది, మామకీ ఉంది. డాక్టరు దగ్గరికి పోవాల్సింది వచ్చే నెల 12న. అంతవరకు సూది ఆపి పెడదామా అని కూడా అనిపిస్తా ఉంది.

ఘాట్_నాన్న | ఆదివారం, రాత్రి 10:20

ఆపొద్దమ్మా. మా పాప మూడేళ్ళుగా వాడతా ఉంది. మొదటి ఆరు నెలల్లో మా ఇంట్లోనూ ఇదే గోల. పెళ్ళికి పోతే చుట్టాలంతా ‘పిల్లకి తిండి పెట్టడంలేదా’ అన్నారు. అప్పటికి దాని స్కూలు పావడా రెండు వేళ్ళు పొట్టిదయింది, నడుము దగ్గర మాత్రం పిన్నీసు పెట్టాల్సి వచ్చింది. అది చూసినాక నాకు అర్థమైంది, పిల్ల చిక్కిపోవడం కాదు, ఆకారం మారతా ఉందని. నెంబర్ల సంగతి తెలిసినవాళ్ళు చెప్తారు, నేను ఆటో నడిపేవాణ్ణి.

ల్యాబ్_శీనయ్య | సోమవారం, ఉదయం 6:15

డ్యూటీకి పోయే ముందు ఒక్క మాట. ఆ స్టార్ మిషన్ వేసింది, మనిషి కాదు. చాలా ల్యాబుల్లో సాఫ్ట్‌వేర్‌లో పెద్దవాళ్ళ హద్దులే ఎక్కించి ఉంటారు. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ కాలేయంలోనే కాదు, ఎముక కట్టే కణాల్లో కూడా తయారవుతుంది. పెరిగే పిలకాయల్లో అది పెద్దవాళ్ళకంటే ఎక్కువే ఉంటుంది, సూది మొదలైనాక ఇంకా ఎక్కుతుంది. ఎముక సాగుతా ఉందనడానికి అదొక గుర్తు. 340కి భయపడాల్సిన పని లేదు. అదే ఐదు నెలలైనా అది కదలకుండా ఉంటే, సూది సరిగ్గా పడుతుందా లేదా అని నేనైతే అడుగుతాను.

మాకు రోజూ ఇలాంటివి పది ఫోన్లు. స్టార్ కనపడగానే మనుషులకి రిపోర్టులో మిగతాది కనపడదు. అక్కా, మీరు అసలు చూడాల్సింది ఫ్రీ టీ4. దానికి స్టార్ పడలేదు గాబట్టి మీరు తేలిగ్గా రాసేసినారు.

ఎత్తుకి_ఒకటే_దారి | సోమవారం, ఉదయం 8:40

[ఈ సందేశాన్ని తొలగించాం. పొడుగు పెంచే పొడులు, లేహ్యాలు ఇక్కడ అమ్మకూడదు. రెండోసారి చేస్తే ఖాతా మూసేస్తాం. – నిర్వాహకుడు]

పీజీ_డాక్టరు | సోమవారం, మధ్యాహ్నం 2:35

నేను మీ డాక్టరును కాదు, మీ పిల్లాణ్ణి చూడలేదు. అది గుర్తుపెట్టుకుని చదవండి. ఆపాలా వద్దా అన్నది ఇక్కడ తేల్చకండి. 12 దాకా ఆగలేకపోతే రేపే ఫోను చేసి అడగండి, అంతేగాని మీ అంతట మీరు ఆపకండి.

పేరులో ‘గ్రోత్’ ఉండడం వల్ల అందరూ దీన్ని పొడుగు మందు అనుకుంటారు. ఎముక పొడుగు దీని పనుల్లో ఒకటి, అది కూడా చాలావరకు కాలేయంలో తయారయ్యే ఐజీఎఫ్-1 అనే ఇంకో హార్మోన్ చేత చేయిస్తుంది. తాను నేరుగా చేసేది కొవ్వు మీద. కొవ్వు కణాల్లో దాచిన నూనెను కరిగించి రక్తంలోకి వదులుతుంది. ఈ హార్మోన్ లేని పిల్లల్లో ఆ కొవ్వు కదలక నడుము చుట్టూ పేరుకుంటుంది, కండ తక్కువగా ఉంటుంది, ఎల్‌డీఎల్ కూడా ఎక్కువగా ఉంటుంది. మీ అత్తగారు ముద్దు చేసిన ఆ బుజ్జి పొట్ట జబ్బులో భాగమేనమ్మా. బరువు కదలకుండా ఎత్తు 4.5 సెంటీమీటర్లు పెరిగిందంటే కొవ్వు కొంత తగ్గి, కండా ఎముకా కొంత పెరిగి ఉంటాయి. తరాజుకి రెండూ ఒకటే. నడుము చుట్టుకొలత టేపుతో తీసి పెట్టుకోండి, అది ఎక్కువ చెప్తుంది. ఎల్‌డీఎల్ 142 నుంచి 108కి దిగడం కూడా ఆశించేదే.

ఇక షుగర్. కరిగిన కొవ్వు రక్తంలో తిరుగుతుంటే కండరం దాన్నే కాల్చుకుంటుంది, గ్లూకోజ్ తక్కువ తీసుకుంటుంది. అప్పుడు అదే పనికి క్లోమం ఇంకొంచెం ఎక్కువ ఇన్సులిన్ ఇవ్వాలి. అందుకే 3 కాస్తా 9 అయ్యింది. చూడాల్సింది ఏమంటే, ఆ ఎక్కువ ఇన్సులిన్‌తో షుగర్ అదుపులో ఉందా లేదా. పరగడుపున 91, హెచ్‌బీఏ1సీ 5.4 అంటే ఉంది. చాలామంది పిల్లల్లో కథ ఇక్కడే ఆగుతుంది.

మీరు 74 బాగుండేది, 91 చెడిపోయింది అన్నట్టు రాశారు. నాకు 74 చూస్తే వేరే ప్రశ్న వచ్చింది. సూది మొదలుపెట్టక ముందు పొద్దున్నే లేచేటప్పుడు పిల్లాడు ఎలా ఉండేవాడు?

బంగారుపాళెం_అమ్మ | సోమవారం, రాత్రి 10:05

డాక్టరు గారూ, మీరు అడిగినాక కూర్చుని ఆలోచించినా. సూది ముందర బడికి లేపాలంటే యుద్ధమే. లేచినా మత్తు మత్తుగా కూర్చునేవాడు, ఇంత రాగి జావ తాగితే గాని మాట రాదు. వాడికి నాలుగేళ్ళప్పుడు తిరుమలలో క్యూలో ఉండాం, రాత్రి సరిగా తినలేదు. తెల్లారేటప్పటికి చెమటలు పోసి భుజం మీద వాలిపోయినాడు. పక్కనామె ఎవరో లడ్డు ముక్క నోట్లో పెట్టింది, కాసేపటికి లేచి కూర్చున్నాడు. స్వామే కాపాడినాడని అనుకున్నాం. దిష్టి కూడా తీయించినాం.

ఈ మధ్య అట్ట లేదు. నేను లేపకముందే లేచి టీవీ పెడతాడు. ఇంతవరకు నేను ఈ రెండూ కలిపి చూడలేదు.

పీజీ_డాక్టరు | సోమవారం, రాత్రి 11:10

ఇది మీ డాక్టరుకి తప్పకుండా చెప్పండి, కేసు షీటులో లేకపోవచ్చు. ఎక్కువసేపు తినకపోతే షుగర్ పడిపోకుండా పట్టి ఉంచే హార్మోన్లలో గ్రోత్ హార్మోన్ ఒకటి, కార్టిసాల్ ఇంకొకటి. ఇది లేని పిల్లలకి ఇన్సులిన్ మరీ గట్టిగా పనిచేస్తుంది. పసికందుల్లో అయితే పుట్టిన మొదటి రోజుల్లోనే షుగర్ పడిపోయి ఫిట్లు రావచ్చు, జబ్బు అలాగే బయటపడుతుంది. మిమ్మల్ని ఇప్పుడు భయపెడుతున్న, షుగర్ పెంచే ఆ గుణమే పొద్దుటి ఆ వాలిపోవడాన్ని ఆపి ఉండొచ్చు.

తోతాపురి | మంగళవారం, ఉదయం 7:30

ఈ అక్క మొగుడి లాంటోణ్ణే నేనూ, షుగర్ పదేళ్ళ నించీ. అన్నీ మంచికే అన్నట్టు చెప్తా ఉండారు. ఇంట్లో ఇద్దరికి షుగర్ ఉండే బిడ్డకి ఇన్సులిన్ మూడింతలు చేసే మందు ఏళ్ళ తరబడి ఎక్కిస్తే ఏమవుతుంది? ఇంకొకటి, ఈ మందు శవాల తలకాయల్లో నుంచి తీస్తారంటనే, నిజమేనా? మాది మామిడి తోట. సీజనులో పిలకాయలకి పండ్లు పెట్టొద్దని చెప్తారా ఏం?

పీజీ_డాక్టరు | మంగళవారం, మధ్యాహ్నం 1:50

అడగాల్సిన ప్రశ్నే అన్నా. రెండోదానితో మొదలుపెడతా, ఎందుకంటే అది ఒకప్పుడు నిజం. 1958 నుంచి 1985 దాకా చనిపోయినవాళ్ళ పిట్యుటరీ గ్రంథుల నుంచే ఈ హార్మోన్ తీసేవారు. అలా తీసిన మందు వల్ల కొందరికి ఏళ్ళ తర్వాత క్రాయిట్స్‌ఫెల్ట్ యాకబ్ అనే ప్రాణాంతకమైన మెదడు జబ్బు వచ్చింది. 1985లో దాన్ని ఆపేశారు, అదే ఏడాది ల్యాబులో బ్యాక్టీరియా చేత తయారుచేయించిన హార్మోన్ వచ్చింది. ఇప్పుడు సూది మందు పెన్నులో ఉండేది అలా ల్యాబులో తయారైనదే. 191 అమైనో ఆమ్లాల ప్రొటీన్, మన ఒంట్లో తయారయ్యేదానికి నకలు. శవాలతో సంబంధం లేదు.

షుగర్ విషయంలో మీ భయం పూర్తిగా తీసిపారేసేది కాదు. ముందే ఆ వైపు మొగ్గు ఉన్న పిల్లల్లో, అంటే లావుగా ఉన్నవాళ్ళు, ఇంట్లో గట్టి వారసత్వం ఉన్నవాళ్ళు, టర్నర్, ప్రాడర్-విల్లీ అనే పుట్టుకతో వచ్చే సిండ్రోములు ఉన్నవాళ్ళలో, టైప్ 2 డయాబెటిస్ మామూలుకంటే ముందే బయటపడే అవకాశం ఉంది. అందుకే ఈ పిల్లాడికి పరగడుపు షుగర్, హెచ్‌బీఏ1సీ మిగతావాళ్ళకంటే తరచుగా చూస్తారు. అది ల్యాబుకి డబ్బులు కట్టబెట్టడం కాదు. ఐజీఎఫ్-1 వయసుకి తగ్గ హద్దులోనే ఉందా అని కూడా చూడాలి. హద్దు దాటితే డోసు తగ్గిస్తారు. డోసు ఎక్కువైతే పిల్లాడు ఇంకా పొడుగవుతాడని ఎవరైనా అంటే నమ్మొద్దు.

మామిడిపండు పెట్టండి. మీరు మాత్రం చూసుకుని తినండి.

ల్యాబ్_శీనయ్య | మంగళవారం, సాయంత్రం 6:45

డాక్టరు గారూ, ఫ్రీ టీ4 సంగతి వదిలేసినారు.

పీజీ_డాక్టరు | మంగళవారం, రాత్రి 9:15

వదల్లేదు శీనయ్యా, టైపు చేసి చేసి వేలు నొప్పి. ఈ హార్మోన్ టీ4ను టీ3గా మార్చడాన్ని పెంచుతుంది, దాంతో టీ4 కొంచెం దిగుతుంది. చాలామందిలో దానివల్ల ఏమీ కాదు. కానీ ఎమ్మారైలో గ్రంథే చిన్నదిగా ఉన్న పిల్లాడిలో అదే గ్రంథి నుంచి రావాల్సిన టీఎస్‌హెచ్ కూడా చాలకపోవచ్చు. ఇన్నాళ్ళూ అంచున నిలబడ్డ థైరాయిడ్ ఇప్పుడు బయటపడుతుంది. ఇలాంటప్పుడు టీఎస్‌హెచ్ నార్మల్‌గానే కనిపిస్తుంది, ఎందుకంటే పైకి లేవాల్సింది లేవలేకపోవడమే అక్కడి జబ్బు. తిరుపతిలో ఏ మూల చూసినా హెల్త్ ప్యాకేజీలో థైరాయిడ్ అంటే టీఎస్‌హెచ్ ఒక్కటే చేసి ‘నార్మల్’ అని చేతిలో పెడతారు. ఈ పిల్లలకి అది చాలదు, ఫ్రీ టీ4 చూసే నిర్ణయించాలి. థైరాయిడ్ తక్కువైతే సూది వేసినా ఎత్తు సరిగా రాదు.

రేణిగుంట_తల్లి | బుధవారం, ఉదయం 11:25

మా అమ్మాయి కథ వేరు, అయినా ఎవరికైనా పనికొస్తుందేమోనని. తనకి ఏడేళ్ళప్పుడు పిట్యుటరీ దగ్గర గడ్డకి ఆపరేషన్ అయింది, క్రానియోఫారింజియోమా అంటారు. అప్పటి నుంచి థైరాయిడ్‌కి థైరాక్సిన్, కార్టిసాల్ బదులు హైడ్రోకార్టిసోన్ అనే స్టెరాయిడ్, నీళ్ళ విరేచనం లాగా నీళ్ళ మూత్రం పోకుండా డెస్మోప్రెసిన్, అన్నీ మందులతోనే. గడ్డ మళ్ళీ రాలేదని ఏడాది పైన చూసి గ్రోత్ హార్మోన్ మొదలుపెట్టారు.

మూడు వారాలకి పిల్ల నీరసపడిపోయింది. వాంతులు, ఆకలి లేదు. ఇంటి దగ్గర డాక్టరు గ్యాస్ అన్నాడు. ఫోను చేస్తే మా స్పెషలిస్టు మేడమ్ వెంటనే హైడ్రోకార్టిసోన్ పెంచమన్నారు, రెండు రోజుల్లో తేరుకుంది. తర్వాత బొమ్మ గీసి చెప్పారు. మన ఒంట్లో పని చేయని కార్టిసోన్ అనే రూపాన్ని పని చేసే కార్టిసాల్‌గా మార్చే ఎంజైము ఒకటి ఉంటుందట, గ్రోత్ హార్మోన్ దాని జోరు తగ్గిస్తుందట. మామూలు పిల్లలకి తేడా తెలీదు. మాలాగా స్టెరాయిడ్ మీద బతికేవాళ్ళకి, లేదా కార్టిసాల్ అంచు మీద ఉండేవాళ్ళకి తెలుస్తుంది. జ్వరమొస్తే డోసు రెండింతలు చెయ్యాలన్న కాగితం మా ఫ్రిజ్ తలుపు మీద, బడి డైరీలో, నా పర్సులో మూడు చోట్లా ఉంది.

బంగారుపాళెం_అమ్మా, మీవాడికి పొద్దున కార్టిసాల్ పరీక్ష చేశారా? గ్రంథి చిన్నదన్నారు కదా, అడగండి.

అలిపిరి_మెట్లు | బుధవారం, రాత్రి 10:40

అందరూ అమ్మానాన్నలే మాట్లాడుతున్నారు, సూది పొడిపించుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే ఉన్నట్టున్నా. నాకిప్పుడు 24. పదేళ్ళకి మొదలుపెట్టి పదిహేడున్నరకి ఆపాం. 165 సెంటీమీటర్లు. ఇంక చాలు, ఇంటికి పండగే అనుకున్నాం. ఆపిన నెల తర్వాత మళ్ళీ పరీక్ష చెయ్యాలి రమ్మన్నారు. పొడుగు అయిపోయింది కదా మళ్ళీ ఏం పరీక్ష అని నేను పోలేదు. అది నా తప్పు, ఇంకొకరిది కాదు.

రెండేళ్ళలో పొట్ట తిరిగొచ్చింది. హాస్టల్ తిండి అనుకున్నా. ఏటా కొండకి మెట్ల దారిన ఎక్కేవాణ్ణి, అలిపిరి నుంచి 3550 మెట్లు. ఆ ఏడు గాలిగోపురం దగ్గరే కూర్చుండిపోయా. మా తాత నన్ను దాటేసి వెళ్ళిపోయాడు, వెనక్కి తిరిగి చూడను కూడా లేదు. ఎల్‌డీఎల్ చూస్తే 170. అప్పుడు మళ్ళీ పరీక్ష చేస్తే హార్మోన్ అప్పటికీ రావట్లేదు. ఇప్పుడు రోజుకి 0.3 మిల్లీగ్రాములు, చిన్నప్పటి డోసులో చిటికెడు. పొడుగు ఒక మిల్లీమీటరు కూడా పెరగదు. కండ, కొవ్వు, ఎముక గట్టితనం వీటి కోసమే. అందరికీ పెద్దయ్యాక అవసరం ఉండదు, కొందరిలో గ్రంథి తేరుకుంటుంది. అందుకే ఆ పరీక్ష ఎగ్గొట్టకండి.

పెన్నూ_సూదీ | గురువారం, ఉదయం 9:10

మా వాడికి నాలుగు రోజులుగా మోకాలి నొప్పి, కొంచెం కుంటుతున్నాడు. సూది వేస్తూ 8 నెలలు. మోకాలు చూస్తే వాపేమీ లేదు. మా అమ్మ పుత్తూరు తీసుకుపోయి కట్టు కట్టిద్దాం అంటోంది, దగ్గరే కదా అని.

పీజీ_డాక్టరు | గురువారం, ఉదయం 9:32

కట్టు వద్దు, మసాజ్ వద్దు, ఈరోజే ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్ళి తుంటి ఎక్స్‌రే తీయించండి. మోకాలు కాదు, తుంటి. వేగంగా పెరిగేటప్పుడు తొడ ఎముక పైన ఉండే గుండు దాని పెరుగుదల పలక దగ్గర జారవచ్చు, నొప్పి మాత్రం మోకాల్లో తెలుస్తుంది. అరుదే, కానీ అదే అయితే ప్రతి అడుగూ దాన్ని ఇంకా జార్చుతుంది. పిల్లాణ్ణి నడిపించకుండా ఎత్తుకెళ్ళండి. సూది వాడుతున్నాడని చెప్పండి. ఇంకా, ఎవరి పిల్లలకైనా గట్టి తలనొప్పి, వాంతులు, చూపు మసకబారడం ఉంటే అది కూడా ఆగకూడని విషయమే. ఈ హార్మోన్ ఉప్పూ నీరూ ఒంట్లో నిలబెడుతుంది, మొదటి నెలల్లో కొందరికి తలలో ఒత్తిడి పెరుగుతుంది. అప్పుడు డాక్టర్లే సూది ఆపి చూసి, తగ్గాక చిన్న డోసుతో మళ్ళీ మొదలుపెడతారు.

పెన్నూ_సూదీ | గురువారం, రాత్రి 8:05

ఎక్స్‌రే తీశారు. జారలేదట. ఆటలో బెణికిందన్నారు. మా అమ్మ ‘నేను ముందే చెప్పలా’ అంటోంది. ఏం చెప్పిందో మాత్రం చెప్పడంలేదు.

ఘాట్_నాన్న | గురువారం, రాత్రి 8:50

హమ్మయ్య. మధ్యలో ఒక సందేహం. కరెంటు పోతే పెన్ను ఏం చేస్తా ఉండారు అందరూ? మొన్న గాలివానకి మా వీధిలో రాత్రంతా లేదు.

రేణిగుంట_తల్లి | గురువారం, రాత్రి 9:20

తలుపు తెరవకుండా ఉంటే ఫ్రిజ్ కొన్ని గంటలు చల్లగానే ఉంటుంది అన్నా. 2 నుంచి 8 డిగ్రీలు. ఇంకా సేపయితే ఐస్ పొట్లాలున్న ఫ్లాస్కు, మధ్యలో గుడ్డ చుట్టి, ఐస్ నేరుగా తగలకుండా. వేడికంటే గడ్డకట్టడమే నాకు ఎక్కువ భయం. ఒకసారి మా అబ్బాయి ఐస్‌క్రీమ్ కోసం వెతికి పెన్ను డీప్ ఫ్రిజ్‌లో పెట్టేశాడు. కరిగాక చూస్తే నీళ్ళలాగే ఉంది, అయినా పారేశాం. నెల జీతంలో ఎంత పోయిందో మా ఆయనకి ఇప్పటికీ చెప్పలేదు. ఈ గుంపు ఆయన చదవడు.

బంగారుపాళెం_అమ్మ | ఏడు వారాల తర్వాత, శనివారం, రాత్రి 9:30

అందరికీ దండాలు. 12న పోయొచ్చినాం. తిరుమల క్యూ సంగతి చెప్తే డాక్టరు గారు రాసుకున్నారు, ముందే ఎందుకు చెప్పలేదమ్మా అన్నారు. పొద్దున ఎనిమిదికి కార్టిసాల్ తీసినారు, బాగుంది. ఫ్రీ టీ4 మళ్ళీ తీస్తే 0.7. థైరాక్సిన్ చిన్న మాత్ర మొదలుపెట్టినారు, పొద్దున పరగడుపున. ఐజీఎఫ్-1 హద్దులో ఉంది, సూది డోసు మార్చలేదు. షుగర్ మూడు నెలలకొకసారి చూద్దాం అన్నారు. మా ఆయన్ని కూడా పట్టుకుని మీది ఎంత ఉంది అని అడిగినారు, ఆయన తల వంచుకున్నాడు. ఇప్పుడు ఇద్దరూ సాయంత్రం చెరువు కట్ట మీద నడస్తా ఉండారు.

ఎత్తు 114. మా అత్త గడప పక్కన గోడకి బొగ్గుతో గీత గీసింది. పాత గీతకీ దీనికీ మధ్యన తన నాలుగు వేళ్ళు పడతాయని వచ్చినోళ్ళకంతా చూపిస్తా ఉంది. సూది పేరెత్తదు. కానీ రాత్రి తొమ్మిదయితే ఫ్రిజ్ దగ్గరికి పోయి పెన్ను తెచ్చి ఇచ్చేది ఆమే. ఆమే అడగమంది, ఇది ఇంకా ఎన్నాళ్ళు వెయ్యాలి?

పీజీ_డాక్టరు | శనివారం, రాత్రి 10:15

ఏడాదికి 2 సెంటీమీటర్లకంటే తక్కువ పెరిగే దశ వచ్చేదాకా. మగపిల్లల్లో మామూలుగా ఎముక వయసు 16 దగ్గర పడినప్పుడు. ఆ తర్వాత ఒక నెలైనా ఆపి మళ్ళీ పరీక్ష, అలిపిరి తమ్ముడు ఎగ్గొట్టింది అదే. వారానికి ఒకసారి వేసే సూదులు కూడా కొన్ని దేశాల్లో వచ్చాయి. మీవాడు పెద్దయ్యేలోపు ఇక్కడ ఎలా ఉంటుందో చూద్దాం. అవ్వగారికి ఒకటి చెప్పండి, పెన్ను ఫ్రిజ్ తలుపులోనో మధ్య అరలోనో పెట్టమనండి, వెనక గోడకి ఆనించొద్దు.

బంగారుపాళెం_అమ్మ | శనివారం, రాత్రి 10:22

చెప్పినా. పెరుగు గిన్నె పక్కనే పెడతా ఉందంట, వెనక కాదంట.